కుదురుకోని రక్తం

మాచర్ల, క్వారీ లైన్లు
14 ఆగస్టు 1986

ఒరేయ్ కోటయ్యా,

క్షేమమని మొదలుపెట్టడం మన అయ్య నేర్పిన పద్ధతి. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. మీ బావకు ఒంట్లో బాగాలేదు.

ఎండాకాలం నుంచి రాయి కొట్టేటప్పుడు ఆయాసం అంటుంటే క్వారీ దుమ్మనుకున్నాం. ఇక్కడ దగ్గని మగాడు ఎవడున్నాడు గనక? తర్వాత కాళ్లు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోతోంది. మా మరిది అంజయ్య పట్టుబట్టి నరసరావుపేట తీసుకెళ్లాడు. వాడి సంగతి నీకు తెలుసుగా, అన్న తుమ్మితే వాడికి జలుబు చేస్తుంది.

అక్కడ లీలావతి గారని డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది. టీబీ కాదట. గుండె పెద్దదై, రక్తాన్ని తోసే బలం తగ్గిందట. గుండె పెద్దదైతే మంచిదే కదా అని మా అత్త ఆదెమ్మ అడిగింది. డాక్టరమ్మ నవ్వలేదు. నీళ్లు పోవడానికి ఒక మాత్ర, గుండెకు ఒక మాత్ర రాసి, ఉప్పు తగ్గించమని, బరువు ఎత్తొద్దని చెప్పింది. నెలనెలా రక్తపరీక్ష చేయించి, చీటీతో పాటు మనిషిని కూడా తీసుకురమ్మంది.

రక్తం మాచర్లలోనే, బస్టాండు ఎదురుగా ఖాదర్ వలి లాబులో ఇచ్చాం. ఈఎస్ఆర్ 34 అని వచ్చింది. ఈఎస్ఆర్ అంటే మా లైన్లలో చంటిపిల్లలకు కూడా తెలుసు. టీబీ మందు మింగని ఇల్లు ఇక్కడ ఉంటే గదా! ముప్పై నాలుగనేసరికి అందరూ పెదవి విరిచారు. నువ్వు ఆ అనంతపురం టీబీ ఆసుపత్రిలో పొద్దస్తమానం చేసేది ఈ పరీక్షేగా. డాక్టరమ్మ మాట నాకు సగమే అర్థమైంది. నువ్వు విడమరిచి రాయి. నువ్వు చెబితే నమ్ముతాను.

మా తోటికోడలు మల్లీశ్వరి నిన్ను అడిగినట్టు రాయమంది. రాశాను.

మీ అక్క,
నాగులమ్మ

*

అనంతపురం
25 ఆగస్టు 1986

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందు కంగారుపడ్డాను. తర్వాత అందులో నువ్వు రాసిన అంకె చూసి స్థిమితపడ్డాను. ఇక్కడికి వచ్చేవాళ్లకు నూరు, నూటపది ఉంటుంది. ముప్పై నాలుగు మాకు లెక్కలోకే రాదు.

ఆ పరీక్ష ఏందో చెబుతాను. సన్నటి గాజు గొట్టంలో రక్తం పోసి నిలబెడతాం. గంటసేపు కదిలించం. ఎర్రటిది మెల్లగా కిందికి దిగి, పైన పచ్చటి నీళ్లు తేలతాయి. ఎంత దిగిందో అదే అంకె. ఒంట్లో జబ్బు మంట ఎక్కువగా ఉంటే రక్తం తొందరగా దిగుతుంది. మంట తగ్గేకొద్దీ నెమ్మదిస్తుంది. అంకె తగ్గిందంటే జబ్బు తగ్గినట్టే. ఇక్కడ అంకె తగ్గిన రోజున పేషెంట్లు వార్డంతా బొరుగులు పంచుతారు. ఇన్నేళ్లలో నేను చూసింది అదే.

మాత్రలు మానొద్దు. బావను సుత్తి ముట్టుకోనీయకు. నెలనెలా అంకె మాత్రం నాకు రాయి, మిగతాది నేను చూసుకుంటాను. ఆదెమ్మ అత్తకు దండాలని చెప్పు. పెద్ద గుండె సంగతి చదివి మా రూములో అందరం నవ్వుకున్నాం.

నీ తమ్ముడు,
బాలకోటయ్య

*

మాచర్ల
28 సెప్టెంబరు 1986

కోటయ్యా,

పదిహేను! ముప్పై నాలుగు పదిహేనుకు దిగింది. నీ ఉత్తరం పట్టుకుని లైన్లంతా తిరిగి బెల్లం పంచాను. మా అత్త కూడా నోట్లో వేసుకుంది. నా చేతి తీపి ఆవిడ తినడం నాకు తెలిసి ఇదే మొదలు.

ఇంత సంతోషంలో నన్ను ఒక్క సంగతి పీకుతోంది. కాళ్లు సన్నబడలేదు. పొట్ట మాత్రం ఉబ్బింది. రెండు ముద్దలు తిని కంచం తోసేస్తాడు. నరసరావుపేట పోదాం పదమంటే, అంకె తగ్గాక డాక్టరమ్మ దగ్గర నాకేం పని అంటాడు. ఒంటి మీద చర్మం తప్ప కండ మిగల్లేదు, ముఖం మాత్రం ఏదో వెలుగుతున్నట్టుంటుంది.

ఇంకోటి. పడుకుంటే ఊపిరాడదని బియ్యం బస్తాకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. మొన్న మధ్యాహ్నం పక్కన కూర్చుని కందులు చెరుగుతున్నాను. ఊపిరి పెద్దగా, ఇంకా పెద్దగా తీశాడు. తర్వాత చిన్నదైంది, ఇంకా చిన్నదైంది, ఆగిపోయింది. చేట కింద పెట్టేశాను. ఎంతసేపటికీ రాదే! గట్టిగా కుదుపుదామని చెయ్యి వేసేలోగా మళ్లీ చిన్నగా మొదలైంది. రోజూ ఇదే వరస. మా అత్త గడపలో కూర్చుని చూసి, కంగారుపడొద్దని, వాడు అక్కడికి పోయి వస్తున్నాడని చెప్పింది. ఎక్కడికని అడిగితే కారంపూడి వైపు చూసింది.

మన ఈపూరు ఇళ్లల్లో ఆ ఆచారం లేదు గనక నీకు చెప్పాలి. కార్తీక అమావాస్యకు కారంపూడిలో పల్నాటి వీరుల తిరునాళ్ల. వీళ్ల ఇంట్లో తాతలనాటి ఆయుధం ఉంది, కొణతం అంటారు. ఇంటి పెద్దకొడుకు దాన్ని ఎత్తుకుపోతాడు. చివరి రోజు కల్లిపాడు. ఆ రోజు వీరులు యుద్ధంలో కూలినట్టు వీళ్లూ నేలకు ఒరుగుతారు. కాసేపటికి లేస్తారు. మీ బావ లేచేదాకా నేను ఏటా ఊపిరి బిగబట్టుకునే ఉంటాను.

ఆ ఆగే ఊపిరి ఏందో నువ్వు చెప్పు.

నాగులమ్మ

*

అనంతపురం
9 అక్టోబరు 1986

అక్కా,

పదిహేను అంటే నాకూ నీకూ ఉండేదే. నువ్వు పంచిన బెల్లంలో నా వాటా ఏదీ?

పొట్ట ఉబ్బరం మాత్రల వేడికి అయ్యుంటుంది, మజ్జిగ పట్టించు. ఊపిరి సంగతి నీరసం. నువ్వు ఆదెమ్మ అత్త పక్కన కూర్చుని కందులు చెరిగితే ఊపిరే కాదు, గోడలు కూడా కారంపూడి పోయి వస్తాయి. ఆవిడ మాటలు బుర్రకు ఎక్కించుకోకు. మనుషులు ఏమైనా అంటారు. అంకె అబద్ధం చెప్పదు.

ఇక్కడ ఇద్దరు సెలవులో ఉన్నారు, పని నా నెత్తిన పడింది. అందుకే చిన్న ఉత్తరం. కోపం తెచ్చుకోకు.

కోటయ్య

*

మాచర్ల
16 నవంబరు 1986

బాలకోటయ్యకు,

పూర్తి పేరు రాశానంటే కోపంగా ఉన్నాననే అర్థం. నేను ఊపిరి అంటే నువ్వు మా అత్త అన్నావు. ఆవిడతో నాకున్న తగవు నేను చూసుకుంటాను. నేను అడిగిందానికి జవాబు చెప్పాలా వద్దా?

ఇప్పుడు అంకె రెండు. సంతోషమేనా?

చీటీ తెచ్చుకుందామని పోతే ఖాదర్ వలి నన్ను లోపలికి పిలిచాడు. చెక్క స్టాండులో గొట్టాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నువ్వు రాసినట్టే అన్నింటిలో ఎరుపు కిందికి దిగి, పైన పచ్చటి నీళ్లున్నాయి. ఒక్కదాంట్లో మాత్రం పైదాకా ఎరుపే. పోసింది పోసినట్టే నిలబడి ఉంది. గొట్టం మురికిదేమోనని కడిగి మళ్లీ పోశాడట, మళ్లీ అంతే. ఇట్లాంటిది నేనెప్పుడూ చూళ్లేదమ్మా అన్నాడు. నేను వంగి చూశాను. అందరి రక్తం పడుకుని ఉంటే మీ బావది ఒక్కటే లేచి నిలబడి నన్ను చూస్తున్నట్టు అనిపించింది. చీటీ తీసుకుని బయటికొచ్చేశాను.

ఇంటికొచ్చి చెప్పడం నాదే తప్పు. మా అత్త లేచి మీ బావ దగ్గరికి పోయి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"నెత్తురు కుదురుకోలేదంటే వీరుడు లేచి నిలబడ్డాడని. వీడు ఈ ఏడు పోవాల్సిందే" అంది.

మీ బావ నవ్వాడు. ఇట్లా నవ్వి ఎన్నాళ్లయింది! మంచం దిగడానికి గోడ పట్టుకునే మనిషి, తిరునాళ్లకు కొణతం నేనే ఎత్తుకుంటానంటున్నాడు. మా అత్తేమో వీరుడంటుంది. నువ్వేమో జబ్బు తగ్గిందంటావు. ఇద్దరూ కలిసి ఒకే దారి చూపిస్తున్నారు. నాకు మాత్రం భయంగా ఉంది. నా మొగుడు నా కళ్లముందే పోతున్నాడని, అది నాకు తప్ప ఎవరికీ కనపడడం లేదని భయంగా ఉంది.

ఈ ఉత్తరం మీ పెద్ద డాక్టరుకు చూపించు. నువ్వు చదివి మడిచి పెట్టుకుంటే నీకు అక్క లేదనుకో.

నాగులమ్మ

*

అనంతపురం
24 నవంబరు 1986

అక్కా,

ముందు టెలిగ్రాం ఇచ్చి వచ్చి ఇది రాస్తున్నాను. అది నీకు అందే ఉంటుంది. బావను ఎట్టి పరిస్థితుల్లోనూ తిరునాళ్లకు పంపొద్దు. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపో.

నీ ఉత్తరం పెద్ద డాక్టరు గారికి చూపించాను. ఆయన చదివి, ఇది ఎవరి సంగతి అని అడిగి, నన్ను కూర్చోమన్నాడు. ఇన్నేళ్లలో ఆయన నన్ను కూర్చోమనడం నేనెరగను. నేను టీబీ లెక్కతో గుండె జబ్బును కొలిచానక్కా. గుండె బాగా అలిసిపోతే రక్తం వెనక్కి తన్ని కాలేయం వాస్తుందట. రక్తాన్ని గుంపుగా కిందికి దించే పదార్థం తయారయ్యేది ఆ కాలేయంలోనే. అది తగ్గిపోతే రక్తం దిగదు. పాత డాక్టర్లు దీన్ని చూశారట. అందరికీ ఇట్లాగే ఉండదని, అంకె ఒక్కటే చూసి ఏదీ తేల్చకూడదని కూడా చెప్పాడు. కానీ పొట్ట ఉబ్బి, తిండి పోయి, ఊపిరి ఆగి ఆగి వస్తూ అంకె రెండుకు పడిందంటే మంట ఆరిపోవడం కాదు, పొయ్యే చల్లారుతోందన్నాడు.

నువ్వు రాసినవన్నీ నిజం. నేను వినలేదు. బతికించుకో అక్కా. డబ్బు నేను పంపుతున్నాను.

కోటయ్య

*

గుంటూరు, ఆసుపత్రి వరండా
3 డిసెంబరు 1986

కోటయ్యా,

మీ బావ ఊపిరితో ఉన్నాడు. ముందు అది చదువుకుని తర్వాత మిగతాది చదువు.

నీ టెలిగ్రాం అందింది. తంతి వచ్చిందంటే మా లైన్లలో ఎవరో పోయారనే లెక్క. విప్పకముందే మా అత్త నువ్వు పోయావనుకుని శోకాలు మొదలుపెట్టింది. ఆవిడకు నీ మీద అంత ప్రేమ ఉందని ఆ రోజే తెలిసింది. విప్పి చదివాక ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పంపొద్దన్నావు గానీ ఎందుకో లేదు. వెనకాలే ఉత్తరం వస్తోందన్నావు, నేను ఊళ్లో ఉండగా అది రాలేదు. మీ బావ నీ పాత ఉత్తరం తీయించి మల్లీశ్వరితో చదివించాడు. అంకె అబద్ధం చెప్పదని నువ్వు రాసిన చోట ఆపించి, విన్నావా అన్నట్టు నన్ను చూశాడు. నీ మాటతోనే నా నోరు మూయించాడు.

అయినా నేను టెలిగ్రామే నమ్మాను. ఉత్తరంలో జోకులు కూడా రాసే మనిషివి, నాలుగు ముక్కల్లో వద్దని అరిచావంటే ఊరికే అరవవు.

చెప్పి చూశాను. కాళ్లు పట్టుకున్నాను. అంజయ్య ఒక్కడే నా వైపు తిరిగాడు గానీ తల్లి ముందు వాడి నోరు లేవదు. ఆదివారం పొద్దున కొణతాన్ని కిందికి దించి, కడిగి పసుపు రాసి పీట మీద పెట్టారు. ఈ ఇంటి కట్టుబాటు ఒకటుంది. పసుపు రాశాక దాన్ని ఎత్తుకునేవాడి పెళ్లాం ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ ఏడు అతను ఎత్తడానికి లేదు. పెళ్లయి వచ్చిన రోజే నాకు ఇది చెప్పి, దణ్ణం కూడా దూరం నుంచే పెట్టించారు.

మీ బావ స్నానం చేసి తడిబట్టతో వచ్చాడు. డప్పులు మొదలయ్యాయి. నేను జనాన్ని తోసుకుని పోయి దాన్ని రెండు చేతులతో పట్టుకుని గుండెకు హత్తుకున్నాను. ఒక్కసారిగా డప్పులు ఆగిపోయాయి. ఎవరూ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. తిడితే బాగుండేది. మీ బావ నన్ను చూస్తూ మెల్లగా నేలమీద కూర్చుండిపోయాడు. పెదాలు నీలంగా మారాయి.

"ఎత్తేవాడు లేడని అది గడప దాటకుండా ఉండిపోగూడదు" అంది మా అత్త.

అంజయ్య ముందుకొచ్చాడు. అన్న బదులు నేనెత్తుకుంటా వదినా, నువ్వు అన్నను తీసుకుపో అన్నాడు. అన్నను వీపున వేసుకుని క్వారీ లారీ దాకా మోసి, ఎక్కించి, మళ్లీ స్నానానికి పోయాడు. నేను ముట్టుకున్న దాన్ని మళ్లీ కడిగించి వాడు కారంపూడి పోయాడట.

ఇక్కడ సూదులిచ్చి ఒంట్లో నీళ్లు లాగేస్తున్నారు. పొట్ట దిగుతోంది. ముక్కుకు గొట్టం పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదని డాక్టర్లు అన్నారు. మీ బావకు తెలివి బాగానే ఉంది. నాతో మాత్రం మాట్లాడడం లేదు. మాట్లాడకపోయినా ఫరవాలేదు, ఉంటే చాలు.

నాగులమ్మ

*

అనంతపురం
8 డిసెంబరు 1986

అక్కా,

నీ ఉత్తరం చదివి వార్డు వెనక్కి పోయి ఏడ్చాను. నీకు దండం పెడతాను. ఆయుధాన్ని హత్తుకున్నదానివి నువ్వే వీరురాలివి.

ఒక్కటి గుర్తుపెట్టుకో. బావ కోలుకునేకొద్దీ ఈఎస్ఆర్ మళ్లీ పెరగొచ్చు. ఇరవై, ముప్పై కావచ్చు. భయపడొద్దు. మా డాక్టరు గారు మరీ మరీ చెప్పమన్నాడు. వేరే జ్వరం, నొప్పి లేకుండా పెరిగితే కాలేయం తేరుకుంటున్నట్టేనట. ఇదంతా ఇంట్లో వాళ్లకు నువ్వే నచ్చజెప్పాలి. నా మాటకు అక్కడ ఇంక విలువ ఉండదు.

అంజయ్యకు నా దండాలని చెప్పు. అన్న ప్రాణం లారీ దాకా మోసినవాడు వాడే. వాడికి సరిగంచు పంచె, మల్లీశ్వరికి చీర తీసి పార్శిలు వేశాను. వాడు తిరునాళ్ల నుంచి రాగానే కట్టుకుని ఫొటో దిగి పంపమని చెప్పు.

కోటయ్య

*

మాచర్ల
20 జనవరి 1987

కోటయ్యా,

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదో అని నువ్వు రెండు ఉత్తరాలు రాశావు. కలం పట్టుకోవడం ఇప్పటికి కుదిరింది.

అంజయ్య లేడు. కల్లిపాడు రోజున వీరులందరితో పాటు నేలకు ఒరిగాడు. అందరూ లేచారు. వాడు లేవలేదు. పూనకం తేరుకోలేదేమోనని చానాసేపు ఎవరూ ముట్టుకోలేదట. మాకు ఆసుపత్రిలో కబురు తెలిసేసరికి అక్కడ అంత్యక్రియలు కూడా అయిపోయాయి. పంచె కట్టుకుని ఫొటో దిగమన్న నీ ఉత్తరం పెద్దకర్మ నాడు ఇంటికి చేరింది. విప్పి చదివింది మల్లీశ్వరి. చదివి మడిచి నా చేతిలో పెట్టింది.

ఇట్లాంటి గుండె కొన్ని ఇళ్లల్లో అన్నదమ్ములకు కూడా ఉంటుందని, తమ్ముణ్ణి ఎప్పుడైనా చూపించారా అని గుంటూరు డాక్టరు అడిగాడు. వాడు అన్నను ఆసుపత్రులకు తిప్పడమే గానీ వాడి ఛాతీ మీద గొట్టం పెట్టిన వాళ్లెవరు? మా అత్తకు ఈ మాటలేవీ వద్దు. లేచి నిలబడ్డ వీరుడు పడుకోవడానికి ఒక మనిషి కావాల్సి వచ్చిందని, ఆ మనిషిని నేను మార్చానని అందరికీ చెబుతోంది. నిజం చెప్పనా? ఇదంతా ముందే తెలిసినా నేను ఆ కొణతాన్ని ముట్టుకునేదాన్నే.

మీ బావ ఇంటికొచ్చాడు. కాళ్లు సన్నబడ్డాయి. మొన్న ఖాదర్ వలి దగ్గర అంకె ముప్పై ఒకటి. నువ్వు రాసింది చదివి ఉన్నాను గనక నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయనకేమో కళ్లు ఎర్రబడ్డాయి. వీరుడు వదిలి పోయాడు, జబ్బు మళ్లీ తిరిగొచ్చింది, నా తమ్ముడు ఊరికే పోయాడు అని మాత్రలు తీసి పెంటలో విసిరేశాడు. ఎంత చెప్పినా వినలేదు. నీ ఉత్తరాలు చూపిస్తే, ముందు తగ్గితే మంచిదని రాసినవాడు వీడేగా అన్నాడు.

మర్నాడు పొద్దున మల్లీశ్వరి వచ్చింది. ఇన్నేళ్లలో బావగారి ఎదుట నిలబడి మాట్లాడిన పిల్ల కాదు. పెంటలో మాత్రలు ఏరి, పనికొచ్చేవి తుడిచి, నీళ్ల చెంబుతో నేరుగా ఆయన మంచం ముందు నిలబడింది.

"ఇది మా ఆయన ఊపిరి బావా. నువ్వు పారబోస్తే నేనూరుకోను" అంది.

ఆయన మాత్ర కోసం నోరు తెరిచాడు. ఆ రోజు నుంచి మాత్ర ఆ పిల్ల చేత్తో వేస్తేనే మింగుతాడు. నేను వేయబోతే తల తిప్పుకుంటాడు.

ఆయన ఇప్పుడు పడుకునే నిద్రపోతున్నాడు. ఊపిరి ఆగడం లేదు, నీళ్లు పారినట్టు సమంగా వస్తోంది. మల్లీశ్వరి మధ్యాహ్నాలు వచ్చి తలుపు పక్కన కూర్చుని ఆ ఊపిరి వింటుంది. ఏడవదు, కదలదు. పొమ్మనడానికి నాకు నోరు రాదు. నిన్న నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఆ పిల్ల మెల్లగా "ఏమయ్యా" అని పిలిచింది. అంజయ్యను అట్లాగే పిలిచేది.

నిద్రలోనే మీ బావ "ఆఁ" అని పలికాడు.

నేను లోపలికి పోలేదు. అన్నం ఉడికేదాకా పొయ్యి దగ్గరే కూర్చున్నాను.

మాత్రలు ఇక్కడ దొరకడం లేదు, అక్కడ కొని పంపు.

మీ అక్క